సకుటుంబ రాజధాని దర్శనం

హిందూపురం పట్టణ ప్రజలకు, అందులోనూ మా వీధివాళ్ళకు గర్వంగా తెలియజేసే సంగతి ఏమిటంటే, ఎరువుల దుకాణం ఆదినారాయణగారు సకుటుంబంగా దేశ రాజధానిని దర్శించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏకగ్రీవం అని ఎందుకన్నానంటే, ఆ ఇంట్లో తీర్మానాలు చేసేది ఆయన ఒక్కరే.

దేశ రాజధాని అని నొక్కి చెప్పడానికి కూడా కారణం ఉంది. మా ప్రాంతంలో ఉత్త రాజధాని అంటే చాలదు. ఆయన పుట్టిన పెనుకొండ ఒకప్పుడు రాజధాని. ఇప్పుడు జనం దాన్ని బస్సు కిటికీలోంచి చూసి, కొండ బాగుందే అనుకుని ముందుకు పోతారు. రోగం వచ్చినా, ఉద్యోగం కావాలన్నా మేము పరిగెత్తేది బెంగళూరుకు. అది పక్క రాష్ట్రానికి రాజధాని. మన రాష్ట్రానిది ఎక్కడ అని పిల్లలడిగితే, ఏ సంవత్సరం పుస్తకం చూసి చెప్పమంటావు అని ఎదురడిగే తెలివి మాకు వచ్చేసింది. కాబట్టి కదలకుండా ఒకేచోట ఉన్న రాజధానిని చూసిరావడమే క్షేమమని ఆదినారాయణగారు భావించారు.

నిజానికి ఈ ఆలోచన ఆయన భార్యది. ఆమె చిలమత్తూరు బడిలో చదివేటప్పుడు, ఢిల్లీ ఏ నది ఒడ్డున ఉంది అని అయ్యవారు అడిగితే తరగతిలో ఆమె ఒక్కతే చెయ్యెత్తిందట. అప్పటినుంచీ యమునను కళ్ళారా చూడాలని ఆశ. మా జిల్లాలో నదులకేమీ లోటు లేదు. పెన్న ఉంది, చిత్రావతి ఉంది. నీళ్ళు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు ఇసుక కూడా పోతోంది, అంతే. "ఒక్కసారన్నా పారే నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకోని కూర్చోవాలమ్మా" అని ఆమె మా ఆవిడతో ఎన్నోసార్లు అన్నది. సకుటుంబంలో ఇంకెవరికీ ఢిల్లీలో ఫలానాది చూడాలన్న కోరిక లేదు. చూసివచ్చాం అని చెప్పుకోవాలన్న కోరిక మాత్రం అందరికీ ఉంది.

ప్రయాణపు పనులు శాఖలవారీగా పంచుకున్నారు. కొడుకు సురేష్ బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగి గనుక, ఏది ఎక్కడ తక్కువకు దొరుకుతుందో ఫోన్లో చూసి, చూశానని చెప్పే శాఖ తీసుకున్నాడు. కూతురు ధరణి దర్శనీయ స్థలాల శాఖ తీసుకుని, ఏ కోట ముందు ఏ రంగు డ్రెస్సు బాగుంటుందో తేల్చింది. ధర్మవరంలో పట్టుచీరల దుకాణం నడిపే నాగరాజు, అంటే ఆదినారాయణ చెల్లెలి మొగుడు, పిలవకుండానే విదేశాంగ శాఖ స్వీకరించాడు. ఆయనకు హిందీ వచ్చు. కిత్నా, నహీ, చలో అనే మూడు మాటలతో ఉత్తరాది వ్యాపారులను ఇన్నేళ్ళుగా గడగడలాడించిన మనిషి. మిగిలిన చిన్నాచితకా పనులు ఆదినారాయణ భార్యకు అప్పగించారు. చిన్నాచితకా అంటే దారిలో తినడానికి ఓళిగలు చేయడం, చెనిక్కాయల పొడి కొట్టడం, ఢిల్లీ చలికి అటకమీది స్వెట్టర్లు దించి ఉతకడం, కోతిటోపీలు ఎండబెట్టడం, అందరి బట్టలూ సర్దడం. ఆమె అన్నీ చేసింది. ఆడుతూ పాడుతూ చేసింది, ఎందుకంటే సంచుల్లో అడుగున తన చీరలు కూడా రెండు పెట్టుకుంది.

టికెట్ల కోసం ఆదినారాయణగారు స్వయంగా బస్టాండు దగ్గర యూనస్ అంగడికి వెళ్ళారు. నేనూ కరెంటు బిల్లు కట్టడానికి అక్కడే ఉన్నాను, కాబట్టి ఇది చెప్పుడు మాట కాదు. యూనస్ కంప్యూటరు ముందు కూర్చుని, పేర్లు చెప్పమన్నాడు. ఆదినారాయణ తన పేరు చెప్పారు. సురేష్, ధరణి, నాగరాజు అని చెప్పారు.

"ఇంకెవరు, అన్నా?" అన్నాడు యూనస్.

"ఇంకేముందప్పా, ఇంట్లో" అన్నారు ఆదినారాయణ, కొంచెం సిగ్గుపడుతూ.

"సరే" అని యూనస్ బటను నొక్కేశాడు.

మా వైపు పెద్దమనుషులు భార్యను పేరు పెట్టి చెప్పరు. "ఇంట్లో అడిగి చెప్తా", "ఇంట్లో ఊరికి పోయినారు" అంటారు. యూనస్ కూడా తన భార్య నాజ్నీన్‌ను బయట "ఇంట్లో" అనే అంటాడు. కానీ అంగట్లో కూర్చున్నాక మాటను మాటగానే తీసుకోవడం వ్యాపారధర్మం. మిగతావాళ్ళు ఇంట్లో ఉంటారని అర్థం చేసుకున్నాడు. టికెట్టు కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ప్రతి ఒక్కరూ తమ పేరు చూసుకుని, కింది బెర్తా పై బెర్తా అని చూసుకుని, సంతోషించి బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆమె ఆ గ్రూపులో లేదు. ఇంట్లోనే ఉంటుంది కదా, నోటితో చెబుతాంలే అని చేర్చలేదు.

సంగతి బయలుదేరే రోజు పొద్దున బయటపడింది. "అమ్మ సీటు యాడ నాయనా?" అని ధరణి అడిగేసరికి అందరూ ఫోన్లు తీశారు. తర్వాత అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

"నా పేరు చెప్పలేదా?" అంది ఆమె.

"చెప్పినా గదే, ఇంట్లో అని! పరాయోళ్ళ ముందర పెండ్లాం పేరు ఎట్ల చెప్తారు ఎవరన్నా?" అన్నారు ఆదినారాయణ. ఆయన గొంతులో న్యాయం తన పక్షాన ఉన్న మనిషి బాధ ఉంది.

అత్యవసర సభ జరిగింది. కొత్త టికెట్టు దొరకదని సురేష్ ఫోను చూడకుండానే చెప్పాడు. నాగరాజు లేచి నిలబడి ప్రసంగించాడు. "ఏది జరిగినా మన మంచికే బావా. ఇల్లు ఊరికే తాళమేసి పోతే ఈ కాలంలో ఎంత ప్రమాదం! మీ వీధికి కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవునికే తెలీదు. వచ్చిన రోజు పట్టుకోకుంటే మళ్ళా యాడికి పోయేది? ఇల్లంటే నాలుగు గోడలు కాదు, ఆడదే ఇల్లు. ఇంటిని ఎత్తుకోని ఢిల్లీకి పోతామా ఎవరన్నా?" సభ్యుల కళ్ళు చెమర్చాయి. పొరపాటుగా మొదలైన విషయం పావుగంటలో పద్ధతిగా మారింది, ఇంకాసేపుంటే సంప్రదాయం అయ్యేది. గోడ ఇవతల వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. మండినా, మనకెందుకులే అని ఊరుకున్నాను. మా వీధిలో అందరం సంస్కారవంతులమే.

ఆమె సంచుల అడుగునుంచి తన చీరలు రెండూ తీసుకుంది. స్టేషనుకు వెళ్ళి ఓళిగల డబ్బా చేతికిచ్చి, రైలు కదిలాక తిరిగి వచ్చింది.

సకుటుంబం రాజధానిని చేరింది. ఇండియా గేటు ముందు ఒక ఫోటో, ఎర్రకోట ముందు రెండు ఫోటోలు వచ్చాయి. యమున చూశారా అని ఆమె ఫోన్లో అడిగితే, "ఆడేముండాది, ఒకటే కంపంట. మేం చీరల మార్కెట్టుకు పోయినాం" అన్నారు ఆదినారాయణ.

ఆ మర్నాడే మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చాయి. ఆదినారాయణ ఇంటి ముందు బిందె లేదు. తలుపుకు తాళం, లోపల ఫోను మోగుతూ ఉంది. కాసేపటికి ఢిల్లీనుంచి నాకు ఫోను వచ్చింది. "ఏమప్పా, ఇంట్లో ఫోను ఎత్తడం లేదు, ఒకసారి చూడు" అన్నారు. చూసి, తాళం వేసి ఉందని చెప్పాను. "అట్లయితే నీళ్ళు పట్టలేదా?" అన్నారు ఆయన.

సాయంత్రమైనా ఆమె రాలేదు. వీధంతా గుమిగూడింది. కానిస్టేబుల్ ముస్తఫాను పిలుచుకొచ్చాం. ఆయన కాగితం మడిచి తొడమీద పెట్టుకుని, "తప్పిపోయినామె పేరు చెప్పండి" అన్నాడు.

"ఆదినారాయణ ఇంట్లో, సార్."

"సురేష్ వాళ్ళమ్మ, సార్."

"ఎరువులంగడి ఆయప్ప పెండ్లాం."

"అవన్నీ చుట్టరికాలప్పా. పేరు, పేరు!" అన్నాడు ముస్తఫా. నేను మా ఆవిడ వైపు చూశాను. "నేను అక్కా అంటాను, పేరుతో నాకేం పని?" అంది. చివరికి ఆదినారాయణకే ఫోను కలిపి ముస్తఫా చేతికిచ్చాం. "చెప్తా సార్, కానీ ఈడ చుట్టూ మనుషులుండారు. అందరి ముందర ఎట్ల చెప్పేది? వాట్సాప్ చేస్తాలే" అన్నారు ఆయన.

వాట్సాప్ రాకముందే ఆటో వచ్చింది. ఆమె దిగింది. చీర మోకాళ్ళదాకా తడిసి, అంచుకు బురద అంటుకుని ఉంది.

"యాడికి పోయినావక్కా?" అంది మా ఆవిడ, ఏడుపు గొంతుతో.

"పెనుకొండ దగ్గర గొల్లపల్లి డ్యాముకు. నిండుగా ఉండాయి నీళ్ళు. పొద్దు వాలేదాకా కాళ్ళు పెట్టుకోని కూర్చుంటి."

"కొళాయి నీళ్ళు వచ్చి పోయినాయి గదమ్మా!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"పోనీ" అంది ఆమె.

ముస్తఫా మంచివాడు. "కేసేం లేదు లేమ్మా, మొదలుపెట్టినా గాబట్టి పేరు చెప్పు, రాసి కొట్టేస్తా" అన్నాడు.

"రామాంజినమ్మ" అంది ఆమె, వీధి చివరిదాకా వినబడేటట్టు.

మేమందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. పేరు బాగుందే అని కూడా కొందరన్నారు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి పేరు తెలుసుకోలేదా, ఎంత సిగ్గుచేటు అని పాఠకులు మమ్మల్ని తిట్టుకుంటూ ఉంటారు. తిట్టుకోవలసిందే. కానీ ఆదినారాయణ, సురేష్, ధరణి, నాగరాజు అని మగనినీ బిడ్డలనూ చుట్టాన్నీ, చివరికి కథలో పనే లేని యూనస్ భార్యనూ పేరుపెట్టి చెప్పి, ఈమెను ఉత్త ఆమెగానే నేను ఇంతదూరం నడిపించుకొచ్చాను. నడుమ ఎక్కడైనా ఆపి, ఆమె పేరేమిటయ్యా అని మీలో ఒక్కరన్నా అడిగారా?