సరస్సు కనిపించే గది

డిసెంబరులో వేసవి మొదలయ్యే దక్షిణార్ధగోళపు ఊరు అది. ఆ నెల మొదటి శనివారం పొద్దున్నే నెవిల్ రంపానికి పదును పెట్టి, సాసేజిలు కాల్చే పొయ్యి ముంగిట్లోకి లాగాడు. ఆ రోజు ఊరంతా వచ్చి, అతని మోటెల్ ముందున్న డగ్లస్ ఫర్ అనే సూదాకుల చెట్లను శ్రమదానంగా కొట్టేయాలి. మోటెల్ పేరు ‘సరస్సు దర్శనం’. గాలికి ఎగిరొచ్చి మొలిచిన ఆ పరాయి చెట్లు ఎదిగాక దర్శనం వాటిదే. వచ్చినవాళ్లు బోర్డు చూసి దిగి, కిటికీ చూసి వెళ్లిపోతున్నారు.

“ఈ వేసవీ ఇంతే అయితే అమ్మేద్దాం. ఖాళీ గదులు తుడిచే ఓపిక నాకు లేదు,” అంది భార్య రేవిన్.

జనం కోసం నెవిల్ ఒక ఆశ చూపాడు. పనికి వచ్చినవాళ్లు క్రిస్మస్ చెట్టు ఉచితంగా పట్టుకుపోవచ్చు. అందరూ వచ్చారు. రంపాలు తేలేదు, రిబ్బన్లు తెచ్చారు. నచ్చిన చెట్టుకు పేరు రాసి కట్టి, పొయ్యి చుట్టూ చేరారు.

నెవిల్ రంపం ఎత్తగానే హెడ్మిస్ట్రెస్ అనాహెరా అడ్డొచ్చింది. “ఆగు బాబూ. ఇవాళ కొడితే పండక్కి పుల్లలే మిగుల్తాయి.”

“నీళ్లలో పెట్టుకోండి.”

“మా ఆయన చేతే రోజూ బతిమాలి నీళ్లు తాగిస్తున్నా. ఇక చెట్టుకు కూడానా?”

నెవిల్ ఆగాడు. సాసేజిలు ఆగలేదు.

పండగ వారంలో మళ్లీ వచ్చారు. ఎవరింటి కప్పుకు సరిపడే చెట్టు వాళ్లు కొట్టుకుపోయారు. అలాంటి చిన్న చెట్లన్నీ చివరి గది ముందున్నవే. మిగతా గదుల ముందు పెద్దవి అలాగే నిలిచాయి. వాటిలో అన్నిటికంటే పెద్దదానికి బడిపిల్లలు దీపాలు కట్టారు.

“పండగ వెళ్లనీ,” అంది అనాహెరా. “పిల్లలు దీపాలు కట్టిన చెట్టు నరికితే ఈ ఊళ్లో నీకు పాలు కూడా అమ్మరు.”

పండగ వెళ్లింది. ఎండలు ముదిరాయి. నిప్పు భయంతో కౌన్సిల్ వేసవి అయ్యేదాకా రంపాలు పట్టొద్దంది.

“అమ్మకం కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు,” అన్నాడు నెవిల్ రేవిన్‌తో. బోర్డు దించడానికి నిచ్చెన ఎక్కాడు. పైమెట్టు మీంచి సరస్సు కొంచెం కనిపించింది. కాసేపు అక్కడే ఉండిపోయాడు.

కింద క్వీన్స్‌టౌన్ వెళ్లే పర్యాటకుల బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. “రాత్రిళ్లు రోడ్డు మీదికి కనబడే దీపాల చెట్టు ఇదేనా? గదులున్నాయా?”

వారంలో మోటెల్ నిండింది. రేవిన్ అమ్మకం మాట ఎత్తలేదు. నెవిల్ మాత్రం చివరి గది ఎవరికీ ఇవ్వకుండా దాచి, ఒక వృద్ధ జంట వస్తే తనే తలుపు తీసి, తెర లాగి చూపించాడు. ఎదురుగా సరస్సు మొత్తం ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ ముసలాయన కౌంటర్ దగ్గరికొచ్చాడు. “గది మారుస్తారా? మా కిటికీలోంచి చెట్టు కనబడ్డం లేదు. ఎటు చూసినా నీళ్లే.”

నెవిల్ సరస్సు విషయంలో క్షమాపణ చెప్పి, అద్దె తగ్గించాడు.