తడి ఆరితే చల్లారే పొయ్యి

గంగాదాస్‌కు బామ్మర్ది తుకారాం మీద కోపం పెళ్లినాడే మొదలైంది. కానీ ఆ పొగడబ్బా కొన్న రోజు నుంచి అది నిద్రలో కూడా తగ్గడం లేదు. హైదరాబాద్ దుకాణంలో కరెంటుతో నడిచే స్మోకర్లు రెండున్నాయి. చిన్నదైతే గంగాదాస్ కట్టించుకున్న బార్బెక్యూ ట్రైలర్‌లోని ఇన్వర్టర్‌తోనే నడుస్తుందని దుకాణంవాడు చెప్పాడు. రెండోది బీరువా అంత ఉంది. కోళ్లను లోపల వేలాడదీసి, కింద కట్టెముక్కలు పొగబెట్టి, సన్నటి వేడిమీద ఐదారు గంటలు మగ్గబెట్టాలట.

"గా చిన్నదాంట్ల నాలుగు కోళ్లు పడ్తయి బావా. దుకాణం పెడ్తున్నవా, బొమ్మలాట ఆడ్తున్నవా?" అన్నాడు తుకారాం.

దుకాణంవాడు నవ్వాడు. ఆ నవ్వుకు గంగాదాస్ పెద్దది కొన్నాడు. ఇంటికి తెచ్చి ఇన్వర్టర్‌కు తగిలిస్తే, లోపలి కోడికి చలి వదిలేలోపే ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయింది. ఏడో తరగతిలో బడి మానినప్పటి నుంచి పసుపు తవ్వి తవ్వి గోళ్లు పచ్చబడ్డాయే గానీ చేతిలో ఏమీ నిలవలేదన్న కసితో పెట్టిన దుకాణం అది. మొదటి కోడికే ముక్కింది.

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం మాత్రం తేలికైనదే. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు లక్ష్మీరాజం సేటు ఇంట్లో సాయంత్రం దావత్. పదిహేను కోళ్లు చేసి పంపాలి. నచ్చితే ఆర్మూర్ పసుపు మార్కెట్ గేటుకు ఎదురుగా ఉన్న తన ఖాళీ జాగలో ట్రైలర్ పెట్టుకోనిస్తానని సేటు మాటిచ్చాడు. ఆ జాగ దొరికితే గంగాదాస్ ఒడ్డున పడ్డట్టే. దొరకకపోతే ట్రైలర్‌లో పిడకలు పోసుకోవాలి.

"పొలంల కరెంటు ఉండంగ మనకేం ఫికర్ బావా. బోరు మోటరు డబ్బలకెల్లి ఒక్క వైరు గుంజితే అయిపాయె," అన్నాడు తుకారాం.

ట్రాక్టరుకు ట్రైలర్‌ను కట్టి నందిపేట్ రోడ్డు పక్కనున్న తమ పొలానికి తెచ్చారు. తుకారాం మోటరు డబ్బా నుంచి ఒక వైరు లాగాడు. రెండో వైరు ఏదని గంగాదాస్ అడిగాడు.

"రెండోది భూమే బావా. భూమి కన్న పెద్ద వైరు ఏడుంటది?"

అని ఒక ఇనుప కడ్డీని నేలలో దిగ్గొట్టి, స్మోకర్ రెండో కొసను దానికి చుట్టాడు. పొలాల దగ్గర రాత్రిపూట బల్బు వెలిగించుకోవడానికి చాలామంది చేసే పనే. బల్బుకూ బీరువాకూ తేడా ఉంటుందని అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. మూడో మనిషి గంగాదాస్ భార్య యమున.

వేడి నూటపది డిగ్రీలకు రావాలి. స్మోకర్ తలుపు మీద వేడి చూపే సూది యాభై దాటి ఆగిపోయింది. తుకారాం కడ్డీ దగ్గర మోకాళ్ల మీద కూచుని నేలను తట్టి చూశాడు.

"నేల ఎండింది బావా. తడి ఉంటెనే గుంజుతది."

యమున ఒక బిందె నీళ్లు పోసింది. సూది లేచింది. డెబ్బై, ఎనభై, తొంభై. గంగాదాస్ ముఖంలో ఆ యేడాదికి మొదటిసారి నవ్వు లాంటిదొకటి కనిపించింది. ఈలోపు మార్చి ఎండకు నేల నీళ్లన్నీ తాగేసింది. సూది మళ్లీ కిందికి దిగింది.

"ఇంకో బిందె పొయ్యవే."

"నేను పొయ్య. కాళ్లు జుమ్ముమంటున్నయ్."

"చెప్పులేసుకొని పొయ్యరాదు?"

"నువ్వే పొయ్యి. పెండ్లాం పోతె ఇంకోతి దొరుకుతది గని గిసొంటి డబ్బ దొర్కదు గద," అని యమున బిందె అక్కడే పెట్టి ట్రైలర్ నీడకు పోయింది.

గంగాదాస్ రబ్బరు చెప్పులు తొడుక్కుని తనే మోయడం మొదలుపెట్టాడు. కడ్డీ దగ్గర నీళ్లు పోయడం, సూది దగ్గరికి పరుగెత్తడం, అది పడిపోతుంటే మళ్లీ బిందెకు పరుగెత్తడం. నిలబడితే కోడి చల్లారుతుంది, కోడి చల్లారితే జాగ పోతుంది. మధ్యలో సేటు ఫోను వచ్చింది.

"ఏమాయె గంగాదాస్, పని షురువైందా?"

"మస్తు నడుస్తుంది సేటు," అన్నాడు గంగాదాస్, ఒక చేత్తో బిందె వంచుతూ.

"గా నీళ్ల సప్పుడేంది? కోళ్లకు తానం పోస్తున్నవా?"

ఫోను పెట్టేశాక తుకారాం తల గోక్కున్నాడు. "బోరు మనదే ఉండంగ బిందెలెందుకు బావా?" అని మోటరు వేసి, పైపును కడ్డీ వైపు తిప్పాడు. మోటరు లేవగానే సూది ఒక్కసారి గుండె ఆగినట్టు పడింది. నేల బాగా తడిశాక మెల్లగా లేచి నూట ఐదు దగ్గర నిలిచింది. ఇంక ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని గంగాదాస్ ఒట్టు పెట్టించాడు. కూర్చున్నాడు, లేచాడు, సూది చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. సూది ఎటు పోతోందో అతను కనురెప్ప వేయకుండా చూశాడు. నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం దాటాక పక్క పొలం లసుమవ్వ గట్టు ఎక్కి వచ్చింది. ఇంటి దగ్గర బువ్వ తిని కల్లానికి పోతూ, దారిలో ఆగింది. ముఖం నిండా నవ్వుంది.

"ఏం వండుతున్నవ్ర గంగాదాసూ? వాసన మా ఇంటి దాక వచ్చింది."

"నీళ్లు నీ కల్లం దాక వచ్చినయత్తా," అన్నాడు తుకారాం. నిజం చెప్పకూడని సమయం చూసి చెప్పడం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం.

లసుమవ్వ కల్లం వైపు తిరిగి చూసింది. ఉడకబెట్టి పదిరోజులుగా ఆరబోసిన పసుపు, ఇంకో రెండు ఎండలు తగిలితే మార్కెట్‌కు పోవలసిన పసుపు, మోకాలు మునగని చెరువులో పచ్చగా మెరుస్తోంది. ఆరబోసిన పసుపు మళ్లీ తడిస్తే రంగు చచ్చిపోతుంది. కొనేవాడు కొమ్ము విరిచి చూసి పక్క కుప్పకు పోతాడు.

మోటరు ఆపారు. నలుగురూ కలిసి పసుపును గట్టు మీదికి ఎత్తిపోశారు. అది అయ్యేసరికి నేల ఎండి, సూది అరవైకి దిగింది. గంగాదాస్ చెయ్యి మోటరు డబ్బా వైపు పోయింది.

"ముట్టినవంటె జూడు," అంది లసుమవ్వ. నేరుగా వచ్చి, ట్రైలర్‌ను ట్రాక్టరుకు తగిలించే కొక్కెం మీద చతికిలబడింది. "నా పసుపు సంగతి తెగేదాక గీ బండి కదల్ది."

"గా డబ్బల పెట్టి ఎండబెడ్దమత్తా," అన్నాడు తుకారాం.

"కోడి వాసనొచ్చే పసుపు ఎవలకు అమ్మాల్నో నువ్వే జెప్పు బిడ్డా. గంగాదాసూ, వీన్ని జర దూరం తోల్కపో."

మళ్లీ ఫోను మోగింది.

"తొవ్వల ఉన్నం సేటు," అన్నాడు గంగాదాస్. నోటికి అదే వచ్చింది.

"ఏ తొవ్వల? నేను గా తొవ్వలనే ఉన్న. చుట్టాలను తోల్కొని నందిపేట్‌కెల్లి వస్తున్న. బండి ఏడుందో జెప్పు, ఆగుత."

గంగాదాస్ బండి ఎక్కడుందో చెప్పకుండానే ఫోను పెట్టేశాడు. యమున స్మోకర్ తలుపు తీసింది. కోళ్లు మీద ఎర్రగా ఉన్నాయి, లోపల నెత్తురు ఆరలేదు. లసుమవ్వ కూర్చున్నచోటి నుంచే తొంగిచూసి నాలుక చప్పరించింది. తిండి పాడైతే ఆమె ప్రాణం ఒప్పదు, అది ఎవరిదైనా సరే.

"యమునా, మూడు రాళ్లు తే. మా గట్టు మీద మక్క బెండ్లు ఉన్నయ్, పట్క రా. పసుపు పట్టే ఇనుప జల్లెడ కూడ తే."

ఒక కాలు కొక్కెం మీదే ఉంచి, కోళ్లను చీల్చి, ఉప్పూ కారం రాసి, గింజలు ఒలిచిన మక్కజొన్న బెండ్ల నిప్పుల మీద జల్లెడ బోర్లించి కాల్చింది. పొగ రోడ్డు దాకా పోయింది. దాన్ని చూసే సేటు కారు ఆగింది.

లక్ష్మీరాజం సేటూ ఇద్దరు చుట్టాలూ దిగి నిలబడే తిన్నారు. సేటు రెండో కోడికాలు అందుకున్నాడు.

"ఏం పొగర బాబు ఇది. గీ డబ్బదేనా?"

గంగాదాస్ నోరు తెరిచాడు.

"డబ్బది గాదు సేటు, మక్క బెండ్లది," అంది లసుమవ్వ.

సేటు వేళ్లు తుడుచుకున్నాడు. "మార్కెట్ కాడి జాగ నీకే. రేపటికెల్లి పెట్టుకో."

గంగాదాస్ రెండు చేతులూ జోడించాడు. సేటు చూస్తున్నది లసుమవ్వ వైపని తెలియడానికి అతనికి కొంచెం సమయం పట్టింది.

వచ్చినందుకు పసుపు పంచాయితీ కూడా సేటే తెంపాడు. గంగాదాస్ దగ్గరున్న నగదంతా బీరువా రూపంలో ఎదురుగానే ఉంది, దాన్ని తీసుకోవడానికి లసుమవ్వ ఒప్పుకోలేదు. మిగిలింది భూమి, తడిసిన పసుపుకు బదులు దాంట్లోంచే కొంత ఇవ్వాలన్నాడు సేటు. ట్రైలర్‌ను మాత్రం కిరాయికి తీసుకుంటానంది, ఆ డబ్బా దించేస్తే.

"అత్తా, నీకు పనికి మనిషి కావాల్నా?" అని అడిగాడు తుకారాం.

సోమవారం పొద్దున కొలిచారు. టేపు రెండో కొస పట్టుకున్నది లసుమవ్వ కొత్త పనివాడు తుకారాం. గంగాదాస్‌కు పోయింది రోడ్డు వైపు గుంటన్నర పొలం.