ఖాళీ గడిలో తేదీ

శనివారం పదకొండింటికి మేధ నిశ్చితార్థం. వరుడు రఘునందన్ రెండేళ్లుగా బంగారుపేటలో ఎక్కి, బెంగళూరు దాకా ఆమె ఉద్యోగానికి పోయే రైల్లోనే, ఆమె పెట్టెలోనే పోయివస్తున్నవాడు. పెద్దల్ని ఒప్పించడానికే ఏడాది పట్టింది.

అటువంటి పొద్దున కూడా గుండూరావుగారు కూతుర్ని వదల్లేదు. ఊళ్లో బంగారు గనులు మూతపడ్డాక ఆయన మాజీ కార్మికుల సంఘానికి కార్యదర్శి.

"పై ఆదివారం సంఘం భోజనాల కబురు ఈ పొద్దే పోవాలమ్మా. ప్రోగ్రాం చేసినావు కదా, పంపించేయి."

"పది నిమిషాలు నాన్నా," అంటూ మేధ తలకు పెట్టిన నూనెతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది.

సభ్యుల జాబితా ఒక కంప్యూటర్ ఫైలులో ఉంది. ప్రతి పేరుకూ 'మరణించిన తేదీ' అని ఒక గడి. బ్రతికున్నవాళ్లకు అది ఖాళీ. వాళ్లకు ఆహ్వానం పోవాలి. కొత్తగా ఎవరైనా పోయుంటే అందరికీ సంతాప సందేశం పోవాలి. కానీ తేదీ ఉండాల్సిన చోట ఖాళీ కనబడేసరికి ప్రోగ్రాం మొరాయించింది. ఖాళీ అయితే ఈ రోజు తేదీ వేసుకో అని మేధ ఒక్క వాక్యం రాసి, మీట నొక్కి, స్నానానికి పోయింది. ఆ వాక్యంతో నూట నలభైమంది ఒకేసారి స్వర్గస్థులయ్యారు.

మొదట పూలదండతో సంఘ సభ్యుడు ఓబలప్ప వచ్చాడు. గుండూరావుగారే తలుపు తీశారు.

"సార్! మీరు ఈ పొద్దు పోయినారంట కదా!"

"ఎవరు చెప్పినారప్పా?"

"మీ సంఘమే."

గుండూరావుగారు అతని ఫోను తీసుకుని సందేశం చదివి, "ఓబలప్పా, కింద నీ పేరూ ఉండాది చూడు," అన్నారు. దండ ఎవరికి వేయాలో తోచక ఓబలప్ప దాన్ని కుర్చీకి వేసి, కాఫీకి కూర్చున్నాడు.

అంతలో బంగారుపేట నుంచి ఫోన్. రఘునందన్ తండ్రి మాధవరావుగారు, ఆయనా సంఘ సభ్యుడే.

"ఎంత పనయిందమ్మా! ఇంగ ఏడాది దాకా శుభకార్యం మాటే లేదు. పరామర్శకు అందరం వస్తా ఉండాము."

"అయ్యో మామా, నాన్న బాగున్నారు! ఆ లెక్కన మీరు కూడా..."

ఫోను కట్టయింది. మేధకు ఏడుపొచ్చింది. తండ్రిని తనే చంపి, తన పెళ్లికి తనే అడ్డుపడింది. వెంటనే ఖాళీ అంటే బ్రతికున్నట్టే అని మార్చి, 'ఫలానావారు క్షేమం, భోజనానికి వస్తున్నారు' అని మళ్లీ అందరికీ పంపింది.

ఈసారి తాయమ్మ వచ్చింది, చీరచెంగు బిగించి.

"మా ఆయప్ప క్షేమమంట. యాడ ఉండాడు సామీ? తొమ్మిదేండ్లు నన్ను ఒంటిదాన్ని చేసి, ఇప్పుడు మీ ఇంట్లో భోజనానికి వస్తాడా? పిలు బయటికి!"

తొమ్మిదేళ్ల కిందట పోయిన ఆమె భర్త రామాంజినప్ప గడి కూడా ఖాళీయే. గుండూరావుగారు తల వంచుకున్నారు.

"రాయాలనే కలం పట్టినాను తాయమ్మా. వాడి పేరు పక్కన రాయడానికి చెయ్యి రాలేదు."

తాయమ్మ కోపమంతా దిగిపోయింది. కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు రాయి సామీ, తేదీ నేను చెప్తా," అంది. చెప్పింది. ఆయన రాశారు.

తర్వాత కూతురివైపు తిరిగారు. "ముప్పై ఏండ్లు గని దగ్గర, దిగేవాళ్లు తీసుకుపోయే బిళ్లల బోర్డు చూసినానమ్మా. సాయంత్రానికి మేకుకు బిళ్ల తిరిగి రాకపోతే, మనిషి పోయినాడనీ రాయలేదు, ఇంటికి చేరినాడనీ రాయలేదు. పోయి అడిగినాను."

వీధిలో మూడు కార్లు ఆగాయి. మాధవరావుగారు బంధుబలగంతో ఏడుస్తూ దిగి, గుమ్మంలో గుండూరావుగారిని చూసి కొయ్యబారిపోయారు.

"నేను చెప్తానే ఉండాను," అన్నాడు రఘునందన్. "మా నాన్న నా ఎదుటే గడ్డం గీసుకుంటా ఉంటే ఆయన పోయినట్టు మెసేజొచ్చింది. వింటేనా! దారిలో ఇంకో మెసేజొచ్చినా చూడలేదు. ఉంగరం మాత్రం జేబులో వేసుకొచ్చినాను."

మాధవరావుగారు గడియారం చూశారు. పది కూడా కాలేదు. ఏ శుభకార్యానికీ వేళకు చేరిన చరిత్ర లేని ఆ కుటుంబం, పరామర్శ పుణ్యమా అని ముహూర్తానికి గంట ముందే దిగింది. పదకొండింటికి ఉంగరం మేధ వేలికెక్కింది.

సోమవారం మేధ ఆ వాక్యాన్ని మూడోసారి రాసింది: గడి ఖాళీగా ఉంటే నాన్నకు ఫోన్ చేయాలి.