తొంభై ఆరు విస్తళ్లు

ఒక పెద్ద అడవిలో, ఎండ దండిగా కాసే గుట్ట మీద ఒక బడి ఉండేది. ఆ బడికంతా ఒకే మాస్టారు, గుర్నాథం అనే ఉడుము. పొద్దున్నే గుట్ట మీది బండపై గంటసేపు ఎండలో పడుకుంటే గానీ ఆయనకు ఒళ్లు కదలదు, నోరు పెగలదు. ఆ బండను వదిలి వెళ్లలేక ముప్పై ఏళ్లుగా ప్రమోషన్ కూడా అడగలేదు.

పాఠం చెప్పడంలో మాత్రం ఆయనది ఉడుంపట్టే. గుణకారం పిల్లల బుర్రకెక్కేదాకా వదిలేవారు కాదు.

ఆ ఏడు పులిరాజుగారికి షష్టిపూర్తి వచ్చింది. ఇరవై నాలుగు గుంపులకు పిలుపులు వెళ్లాయి. ఒక్కో గుంపు నుంచి పదమూడు మంది భోజనానికి వస్తారు. మొత్తం ఎన్ని విస్తళ్లు కుట్టాలో లెక్కగట్టి పంపమని బడికి కబురొచ్చింది. అడవిలో గుణకారం వచ్చిన చోటు అదొక్కటే మరి.

మాస్టారు ఆ లెక్కే బోర్డు మీద వేశారు. "మూడుతో గుణించాం, డెబ్బై రెండు వచ్చింది. ఇక పదమూడులో మిగిలింది ఒకటి. అది ఉత్త ఒకటేనా?"

"కాదండీ. పదుల స్థానంలో ఉంది కాబట్టి పది" అంది దూది అనే కుందేలు పిల్ల.

"అందుకే రెండో వరసలో, ఒకట్ల కింద ముందు సున్నా పెట్టి, ఇరవై నాలుగుని ఒక స్థానం ఎడమకి జరిపి రాయాలి. రెండు వందల నలభై. రెండు వరసలూ కూడితే మూడు వందల పన్నెండు."

సరిగ్గా అప్పుడే తనిఖీకి శిఖామణిగారు దిగారు. ఆయన నెమలి, బళ్ల ఇన్‌స్పెక్టరు. లెక్కల్లో ఆయన చూసేది అందం ఒక్కటే. బోర్డు చూడగానే ఆయన మెడ వంకరపోయింది.

"ఏమయ్యా గుర్నాథం, ఆ రెండో వరసేమిటి, ఎడమకి జారిపోయింది?"

"జారలేదండి, మేమే జరిపామండి. అది పదుల వరస."

"ఆ చివర సున్నా ఎందుకు?"

"ఇరవై నాలుగు తన చోటికి వెళ్లాలంటే, ఆ ఖాళీలో అది కూర్చోవాలండి."

"పని లేకుండా కూర్చునేవాళ్లు మా ఆఫీసులో కావలసినంతమంది ఉన్నారు. బడిలో కూడానా? తీసెయ్. వరసలు రెండూ కుడివైపు తిన్నగా ఉండాలి. కుదరదంటావా, చీకటి లోయ బడికి బదిలీ రాస్తాను."

చీకటి లోయలో ఏడాదికి నాలుగు రోజులు ఎండ వస్తే గొప్ప. మాస్టారికి బండ కళ్ల ముందు మెదిలింది. అంతటి ఉడుంపట్టూ సడలిపోయింది. ఆయన సున్నా చెరిపి, ఇరవై నాలుగుని డెబ్బై రెండు కిందకి తోశారు. కూడితే తొంభై ఆరు.

"ఇప్పుడెంత ముచ్చటగా ఉందో చూడు" అని శిఖామణిగారు సంతకం చేసి, ఆ అంకె విస్తళ్లు కుట్టే కోతులకు పంపించారు.

"మాస్టారూ, ఇందాక మూడు వందల పన్నెండు అన్నారు కదండీ?" అని దూది అడిగింది.

"ఇందాక వరస వంకరగా ఉందమ్మా" అన్నారు మాస్టారు. ఆ మాట నోటి నుంచి వచ్చినందుకు ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గుపడుతూనే వెళ్లి బండ మీద పడుకున్నారు.

షష్టిపూర్తి రోజున తొంభై ఆరుగురు విస్తళ్ల ముందు కూర్చున్నారు. మిగిలిన రెండు వందల పదహారు మంది వాళ్ల వెనక నిలబడి, వాళ్ల నోళ్లకేసి చూశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో ఉన్నా ఫర్వాలేదంటారు. విస్తరే లేకపోతే ఎవడు మాత్రం ఎక్కడ వడ్డిస్తాడు? కాసేపటికి పాయసం ఘుమఘుమలాడుతూ వచ్చింది.

"ఏమండీ, మా విస్తళ్లేవి?" అని భల్లయ్య అనే ఎలుగుబంటి శిఖామణిగారిని మర్యాదగానే అడిగాడు.

"లెక్క ప్రకారం అందరికీ వేశాం. మీరు లెక్కలో లేరు" అన్నారు శిఖామణిగారు, పురి విప్పి విసురుకుంటూ.

భల్లయ్య ఆ పురిని పైనుంచి కిందిదాకా చూశాడు. వెడల్పుగానే ఉంది. వరసలు కూడా తిన్నగా ఉన్నాయి. వెనకనున్నవాళ్లకు సైగ చేశాడు. తరవాత పది నిమిషాల్లో శిఖామణిగారి తోకంతా ఈకా ఈకా ఊడి నేల మీద పరుచుకుంది. విస్తళ్లు దొరకనివాళ్లంతా దాని మీద పాయసం పోయించుకుని, జుర్రుకుని, ఈకలు కూడా నాకి వెళ్లిపోయారు.

పులిరాజుగారు విచారణ కమిటీ వేశారు. ఈ విషయం అందరికన్నా బాగా తెలిసినవారు కనక శిఖామణిగారినే అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన బోసి తోక కింద దిండు వేసుకుని కూర్చుని, మాస్టారిని పిలిపించారు.

ఈసారి మాస్టారు మనసు గట్టి చేసుకున్నారు. "తప్పు నాదేనండి. ఒకటిని పదిగా చూడాల్సింది, ఒకటిగానే వదిలేశాను. మూడు వందల పన్నెండు రావాలి."

"అడిగినదానికి చెప్పు. వరసలు తిన్నగా ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయండి."

"రాసుకోండి. లెక్కలో తప్పు లేదు."

మూడు నెలలకు నివేదిక వచ్చింది. లెక్క సరైనదే, తప్పు అతిథులదే, రెండు వందల పదహారు మంది అదనంగా పుట్టారు అని తేల్చారు. ఇకపై ఒక్కో గుంపు నుంచి నలుగురే భోజనానికి రావాలన్నారు. ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు. ఎవరు వేసి చూసినా సరిపోయింది. అడవి అంతా కమిటీని మెచ్చుకుంది.

నివేదిక చివర ఇంకో ముక్క ఉంది. తిన్నని వరసల పద్ధతి కనిపెట్టిన గుర్నాథం మాస్టారికి ఉత్తమ ఉపాధ్యాయ బిరుదు ఇచ్చారు. ఆ పద్ధతిని వెనకబడిన చోట కూడా నేర్పడానికి, ఆయన్ని ప్రమోషన్ మీద చీకటి లోయ బడికి పంపారు. శాలువా కప్పితే మాస్టారు కాదనలేదు. అక్కడి చలికి అదైనా ఉంటుందనుకున్నారు.

కాబట్టి పిల్లలూ, తినేవాళ్లను తగ్గించే అధికారం చేతిలో ఉన్నవాడికి గుణకారం రానక్కర్లేదు.