అధ్యక్షులవారి చెల్లెలు

"ఈసారి మునిసిపల్ చైర్మన్ కుర్చీ మహిళదే!" అని పార్టీ అధ్యక్షులవారు బల్ల గుద్ది ప్రకటించగానే సభలో ఉన్న మగవాళ్లందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కొట్టలేదు. సభలో ఆడవాళ్లు లేరు. చారిత్రక నిర్ణయాలు తీసుకునేటప్పుడు వాళ్లను శ్రమ పెట్టడం అధ్యక్షులవారికి ఇష్టం ఉండదు.

ఆ వాక్యం రాసిచ్చింది పార్టీ ప్రచార కార్యదర్శి. ఆయన అసలు పేరు వాడకం లేక తుప్పు పట్టిపోయింది. ఊరంతా నినాదం గారనే పిలుస్తారు. అధ్యక్షులవారు తుమ్మడం, దగ్గడం తప్ప మిగతాదంతా నినాదం గారు రాసిచ్చిందే. తన వాక్యానికి అన్ని చప్పట్లు వచ్చినందుకు ఆయన ఆ సాయంత్రమంతా ఉబ్బితబ్బిబ్బయ్యారు.

మహిళ అన్నాక ఒక మహిళ కావాలి కదా. వెతగ్గా వెతగ్గా పార్టీలో ఒకావిడ దొరికారు. సివిల్ కోర్టులో ఆస్తి వాటాల కేసులు వాదించే లాయరమ్మ. కార్యకర్తలు లాకప్పులో పడ్డప్పుడల్లా బెయిలు ఇప్పించేదీ ఆవిడే. అందుకని ఆవిడ అందరికీ తెలుసు, బయటపడ్డాక ఎవరికీ గుర్తుండదు. ఆవిడ పట్టుదల ఒక్కటే. ఊళ్లోకి ట్యాంకర్లతో నీళ్లు తోలడం మానిపించి ఇంటింటికీ పైపు వేయించాలి. చైర్మన్ కుర్చీలో కూర్చుంటే తప్ప అది జరిగే పని కాదు. ట్యాంకర్లన్నీ అధ్యక్షులవారి బావమరిదివి కాబట్టి, ఆవిడ ఆ కుర్చీలో కూర్చోకూడదని ఆ బావమరిదికీ అంతే పట్టుదల. అధ్యక్షులవారు న్యాయమూర్తి లాంటివారు. ఆవిడకు మాట ఇచ్చారు, ఆయనకు భరోసా ఇచ్చారు.

పోస్టరు మీద ఏం వేయాలో తేల్చడానికి పార్టీ ఆఫీసులో కమిటీ కూర్చుంది. అభ్యర్థి కూడా వస్తే బాగుంటుందని ఎవరో అనడంతో లాయరమ్మకు తలుపు పక్కన స్టూలు వేశారు.

"వేయడానికేముందండీ? నేను లాయర్ని, పైపులు వేయిస్తాను అని వేయండి" అంది లాయరమ్మ.

నినాదం గారు జాలిగా నవ్వారు. "అమ్మా, లాయరుకి ఫీజు ఇస్తారు గానీ ఓటెవరు వేస్తారు? ఆడమనిషి ఓటడిగితే ఓటరుకి ముందు వచ్చే అనుమానం, ఈవిడ నాకేమవుతుందీ అని. చుట్టరికం తేలాలి."

"మరి మగవాళ్లు అడిగితే?"

"వాళ్లు నాయకులు. నాయకుడికి చుట్టరికాలెందుకమ్మా?"

అంత తేలిగ్గా విషయం విడమరిచి చెప్పినందుకు కమిటీ ఆయన్ని కళ్లతోనే అభినందించింది. తర్వాత చుట్టరికాల మీద చర్చ మొదలైంది. అమ్మ అందామంటే అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. "నాకంటే చిన్నది, నాకు అమ్మెలా అవుతుందయ్యా? నా వయసేమనుకుంటారు జనం?" అన్నారు. వదిన అంటే కుర్రాళ్లు వేళాకోళం చేస్తారు. పిన్ని అంటే సవతి తల్లేమోనని శంకిస్తారు. అత్త అన్నమాట ఎవరో తొందరపడి అన్నారు. మినిట్స్‌లోంచి ఆ మాట కొట్టేశారు.

ఆడపడుచు అనే మాట నినాదం గారికి బాగా నచ్చింది. ఇంటికెళ్లి భార్య మీద ప్రయోగించి చూశారు.

"ఇదిగో, ఒకావిడ వచ్చి, నేను మీ ఇంటి ఆడపడుచుని, ఓటెయ్యండి అంటే వేస్తావా?"

"ఉన్న ఇద్దరితో వేగలేక చస్తున్నాను. మూడోదాన్ని ఓటేసి మరీ తెచ్చుకోవాలా?" అందావిడ, కూర గిన్నె ఠపీమని దించుతూ.

మర్నాటికి కోడలు ఖరారైంది. కోడలిలో అణకువ ఉంది, చాకిరీ ఉంది, ఎదురు చెప్పకపోవడం ఉంది. ప్రజాసేవకు ఇంకేం కావాలి? "మీ ఇంటి కోడలు, మీ ముంగిట్లోకి" అని నినాదం గారు అప్పటికప్పుడు అల్లేశారు. లాయరమ్మ తల దించుకుని ఇల్లిల్లూ తిరిగింది. మొదటింటి ముసలావిడ ఆప్యాయంగా లోపలికి పిలిచి, "కోడలివే కదమ్మా, ఆ గిన్నెలు కాస్త తోమేసి వెళ్లు" అంది. రెండో ఇంట్లో లాయరమ్మ పైపుల సంగతి ఎత్తేసరికి ఇంటి పెద్దాయన ముఖం గంటు పెట్టుకుని, "మామగారి ముందు ఏమిటా మాటలు?" అన్నాడు. మధ్యాహ్నానికి వీధిలో సగం కూడా దాటలేదు. నీళ్లు లేని ఊళ్లో ఇన్ని అంట్లు ఎలా పోగవుతాయో లాయరమ్మకు అంతు పట్టలేదు. గిన్నెలు మాత్రం తళతళలాడాయి.

"ఇలా అయితే ఎన్నికలయ్యేసరికి నా చేతులు అరిగిపోతాయి గానీ, ఒక్కమాట కూడా మాట్లాడలేను" అంది లాయరమ్మ, కోపం దాచుకోకుండా.

నినాదం గారు రాత్రంతా మథనపడి చెల్లెల్ని కనిపెట్టారు. చెల్లెలంటే ఎవరికీ భయం లేదు, చాకిరీ లేదు, కన్నీళ్లు పుష్కలం. పైగా అధ్యక్షులవారికి అన్న పాత్ర దొరుకుతుంది. తనకూ పాత్ర ఉందని తెలియగానే అధ్యక్షులవారు మహిళాభ్యుదయాన్ని మరింత గాఢంగా నమ్మారు.

ప్రతి సభలోనూ ఆయన లాయరమ్మ భుజం మీద చెయ్యేసి, "నా తోడబుట్టిన చెల్లెల్ని మీ చేతుల్లో పెడుతున్నాను!" అని భోరున ఏడ్చేవారు. ఆ సమయానికి లాయరమ్మ కూడా ఏడవాలని ఏర్పాటు. ఆవిడకు ఏడుపు రాలేదు. ఇద్దరి వంతూ ఆయనే ఏడ్చి సభను నిలబెట్టారు. ఆవిడ మైకు కోసం చెయ్యి చాపితే నినాదం గారు మెల్లిగా లాగేసుకుని, "చెల్లెలే మాట్లాడితే ఇంక అన్నెందుకమ్మా?" అని బుజ్జగించేవారు. అలా పైపుల మాట పోలింగ్ దాకా ఆవిడ గొంతులోనే ఉండిపోయింది.

సూత్రం ఎంత బాగా పనిచేసిందంటే, మిగతా వార్డుల్లో మొగుళ్ల బదులు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లను కూడా అధ్యక్షులవారు చెల్లెళ్లుగా స్వీకరించారు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పింఛను కావాల్సిన వాళ్లు, అల్లుడికి ఉద్యోగం కావాల్సిన వాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు, అందరూ "అధ్యక్షులవారి చెల్లెల్నండీ" అంటూ ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. నినాదం గారు ఒక్కొక్కరినీ వార్డు నంబరు అడిగి, రాసుకుని, బెంచీ మీద కూర్చోబెట్టేవారు. చుట్టాలు పెరిగిన కొద్దీ బెంచీలు తెప్పించారు.

పార్టీ గెలిచింది. బావమరిది తన వార్డులో గెలిచాడు. లాయరమ్మ అందరికంటే ఎక్కువ మెజారిటీతో గెలిచింది. విజయోత్సవ సభలో మొదటిసారిగా ఆవిడ చేతికి మైకిచ్చారు. "అన్నయ్యకు నా కృతజ్ఞతలు" అనే మూడు మాటలు నినాదం గారు స్వయంగా నేర్పించారు.

"అన్నయ్యకు నా కృతజ్ఞతలు" అంది లాయరమ్మ. నినాదం గారు మైకు అందుకోబోయారు. ఆవిడ వదల్లేదు. "అన్నయ్యా, ఇన్నాళ్లూ మీరు మాట్లాడారు, నేను విన్నాను. నేను మీ తోడబుట్టినదాన్నని ఊరందరి ముందూ మీరే చెప్పారు. మరి నా వాటా ఏది? ట్యాంకర్లు మీ వైపువి, ఉండనివ్వండి. చైర్మన్ కుర్చీ నా వైపుకి పంచండి. పైపులు వేయించుకుంటాను."

జనంలో ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా "ఇవ్వాలి! ఇవ్వాలి!" అని అరిచారు. చప్పట్లు మారుమోగిపోయాయి. చప్పట్లు వినిపిస్తే అధ్యక్షులవారికి ఒళ్లు తెలియదు. మైకు లాక్కుని, "చెల్లెలి వాటా ఎగ్గొట్టేవాడు అన్నేనా? అసలు మనిషేనా? అలాంటివాణ్ని ఊళ్లోంచి వెలివెయ్యాలి!" అని గర్జించారు. వేదిక మీదున్న బావమరిది మెడలోని దండ తీసి పక్కన పెట్టాడు.

మర్నాడు తలుపులు వేసుకుని కమిటీ కూర్చుంది. ఈసారి తలుపు పక్కన స్టూలు కూడా వేయలేదు.

"బావా, ఆవిడ కుర్చీ ఎక్కిన రోజున నా ట్యాంకర్లు కోళ్లు పెంచుకోవడానికే పనికొస్తాయి" అన్నాడు బావమరిది.

"చుట్టరికం పోలింగ్ దాకానేనండీ. తర్వాత చెల్లదు" అని నినాదం గారు ధైర్యం చెప్పి, ప్రకటన రాయడానికి కలం తీశారు. "అధ్యక్షులవారు వాళ్ల నాన్నగారికి ఒక్కరే సంతానం, చెల్లెళ్లు లేరు, కాబట్టి వాటా ప్రశ్నే తలెత్తదు, చైర్మన్‌గా బావమరిది గారు తల్లి మనసుతో మహిళల బాగోగులు చూసుకుంటారు అని రాస్తాను. మీకు నిజంగా చెల్లెళ్లు లేరు కదండీ?"

అధ్యక్షులవారు తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూశారు. "లేరు. రాయి" అన్నారు.

సాయంత్రం విలేకరుల సమావేశం ఏర్పాటైంది. లాయరమ్మ అందరికంటే ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది. కుర్చీ బావమరిదికే పోతోందని ఊరంతా గుప్పుమన్నా ఆవిడ అంత నిదానంగా ఎలా కూర్చోగలిగిందో నినాదం గారికి బోధపడలేదు. చదువుకున్నవాళ్లకు ఓటమి అలవాటేమో అనుకుని, ఆయన గుమ్మం దగ్గర తన విధి నిర్వహణలో పడ్డారు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకుంటూ ఉండగా, యాభై దాటిన ఒకావిడ చంకలో కోర్టు కాగితాల కట్టతో, గొడుగు ముడుస్తూ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ ముక్కు పోస్టర్ల మీద ఎక్కడో చూసినట్టే అనిపించింది నినాదం గారికి. పోయినసారి ఓడిపోయిన అభ్యర్థి కాబోలనుకున్నారు.

"ఎవరమ్మా?"

"మీ అధ్యక్షుడి చెల్లెల్ని."

ఆయన పుస్తకం తెరిచేలోగా లాయరమ్మ లేచి, "రండి, మీకోసమే చూస్తున్నాను" అని ఆవిడను తన కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నిలబడింది.

"నాకు చెల్లెళ్లు లేరు..." అని చదువుతూ అధ్యక్షులవారు తలెత్తారు. మొదటి వరస కనిపించింది. గ్లాసులో నీళ్లన్నీ తాగేశారు. బావమరిది గ్లాసు కూడా తాగేశారు.

"...అని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు!" అంటూ కాగితం మడిచేశారు. "ఆ నీచమైన ప్రచారాన్ని ఖండిస్తున్నాను. చైర్మన్ కుర్చీ లాయరమ్మదే. ఇది నేను ఎప్పుడో తీసుకున్న నిర్ణయం."

బావమరిది కుర్చీ తన్నుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. విలేకరులు లాయరమ్మ చుట్టూ మూగి, చైర్మన్‌గా మొదటి పని ఏమిటని అడిగారు. "పైపులు" అంది లాయరమ్మ. ఆ మాట గట్టిగా అంది.

తాను రాయని వాక్యాన్ని అధ్యక్షులవారు అంత గొప్పగా ఎలా పలికారో నినాదం గారికి అర్థం కాలేదు. అయినా డ్యూటీ డ్యూటీయే. పుస్తకం, పెన్ను పట్టుకుని మొదటి వరసలోకి వెళ్లి, గొడుగు ఒళ్లో పెట్టుకుని అధ్యక్షులవారినే రెప్ప వేయకుండా చూస్తున్న ఆవిడ ముందు వినయంగా వంగారు.

"అమ్మా, ఇందాక చెప్పనేలేదు. మీరు ఏ వార్డు చెల్లెలు?"