త్రికోటేశ్వరరావు చెవుల పరీక్ష

ఆ ఆదివారానికి త్రికోటేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున తొమ్మిదింటికి గుంటూరు షాపు నుంచి రెండు జతల స్పీకర్లు ఇంటికి వస్తాయి. సాయంత్రం నాలుగు దాకా వాటిని విని, నచ్చిన జత ఉంచుకుని, మిగతాది వెనక్కి పంపిస్తాడు. పిడుగురాళ్లలో ముప్పై ఏళ్లు రాళ్ల క్రషర్ దగ్గర సూపర్‌వైజరుగా చేసి మొన్న వేసవిలో రిటైరయిన మనిషి. ఇకనైనా చెవులకు ఇంపైన చప్పుడు వింటూ గడపాలని ఆయన ఆశ. ఆశలో తప్పేమీ లేదు.

తప్పు పట్టింది ఆయన భార్య మల్లీశ్వరి.

"కుక్కరు ఎన్ని కూతలేసిందో చెప్పలేవు. నీకెందుకయ్యా అంతంత ఖరీదు పెట్టెలు? ముందు చెవుల డాక్టరు దగ్గరికి పద."

రెండేళ్లుగా ఆమె పాడుతున్న పాట అదే. డాక్టరు దగ్గరికి వెళితే చెవి మిషను పెడతాడు, మిషనుతో వీధిలో తిరిగితే పరువు పోతుంది. త్రికోటేశ్వరరావు పాముకైనా అంత భయపడేవాడు కాదు. చివరికి మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. రెండు జతలకూ తేడా చెప్పగలిగితే ఒక జత ఇంట్లో ఉంటుంది. చెప్పలేకపోతే రెండూ వెనక్కి, సోమవారం పొద్దున్నే ఆయన డాక్టరు దగ్గరికి.

షాపు మెకానిక్ జావీద్ వచ్చి పొడుగాటి నల్ల జతనూ, టేకు రంగు పొట్టి జతనూ హాల్లో పక్కపక్కనే నిలబెట్టాడు. వీణ కచేరీ సీడీ పెట్టి, రిమోట్ చేతికిచ్చాడు.

"ఒకటి నొక్కితే పొడుగువి పాడతయ్ సార్, రెండు నొక్కితే పొట్టివి. కళ్లు మూసుకుని ఇనండి, అప్పుడే తేడా తెలుస్తది. మాచర్లలో ఇంకో ఇల్లు చూసుకుని నాలుగింటికి వస్తా."

త్రికోటేశ్వరరావు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఒకటి నొక్కాడు. రెండు నొక్కాడు. మళ్లీ ఒకటి. ఏ నంబరు నొక్కినా వీణ ఒకేలా మోగుతోంది! కళ్లు తెరిస్తే ఎదురుగా మల్లీశ్వరి, చేతిలో గరిటెతో.

"ఏంది తేడా?"

"ఒకటోది పచ్చిరాయే. గరుగ్గా తగులుతది," అన్నాడు ఆయన ధైర్యం కూడగట్టుకుని. "రెండోది బట్టీలో బాగా కాలిన సున్నం. మెత్తగా దిగుతది."

"నాకు రెండూ ఒకటే ఇనపడతన్నయ్."

"నీకు అలవాటు లేదులే."

అలా అన్నాక ఆయనకు రెండోది నిజంగానే కాస్త మెత్తగా వినిపించింది. మల్లీశ్వరి మాత్రం సాక్షి కావాలంది. పక్కింటి మాజీ వార్డు మెంబరు శ్రీనివాసరావు వచ్చి, కళ్లు మూసుకుని, తల ఊపుతూ విన్నాడు.

"తేడా లేకపోవటమేంది బావా! ఒకటో నంబరే బాగుంది."

అంతటితో అయిపోవలసింది. కానీ శ్రీనివాసరావు తన అభిప్రాయాన్ని తనలోనే దాచుకున్న రోజు లేదు. టీ బంకు దగ్గర ఆ ముక్క చెప్పాడు. పది నిమిషాల్లో ఎదురింటి భానుప్రకాష్ దిగాడు. వచ్చే ఎన్నికల్లో అదే వార్డుకు నిలబడదామనుకుంటున్న మనిషి.

"బాబాయ్, ఆయన ఒకటి అన్నాడంటగా? నేనూ ఇనాలి."

కళ్లు మూయకముందే అతని ఓటు రెండుకు పడిపోయింది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా హాల్లోనే ఉంది. ఒకటి వాళ్లు కిటికీ వైపు, రెండు వాళ్లు గుమ్మం వైపు. కుర్చీలు చాలక టెంటు షాపు నుంచి తెప్పించారు. మల్లీశ్వరి మూడుసార్లు టీ పెట్టింది. చేతులెత్తించి లెక్కపెడితే రెండువైపులా పదిహేడే.

"మీవోళ్లలో ఇద్దరు రెంటచింతల నుంచి చుట్టపుచూపుగా వచ్చినోళ్లు! ఆ ఓట్లు చెల్లవు!" అన్నాడు శ్రీనివాసరావు.

"మీవోళ్లలో ముగ్గురు పాట ఇనకుండానే చెయ్యెత్తారు!" అన్నాడు భానుప్రకాష్.

పల్నాడులో రెండు గుంపులు ఒకచోట చేరి అరుచుకుంటే పోలీసులకు వేరే కబురు పెట్టనక్కర్లేదు. ఆ దారిన పోతున్న కానిస్టేబుల్ బండి ఆపి లోపలికి వచ్చాడు.

"ఏంది గొడవ? ఏ పార్టీలు?"

"పార్టీలు కాదండీ, స్పీకర్లు," అన్నాడు త్రికోటేశ్వరరావు లేచి నిలబడి.

ఇరుపక్షాలూ కలిసి కానిస్టేబుల్‌ను కుర్చీలో కూర్చోబెట్టాయి. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. "ఒకటోది చానా బాగుంది. అట్టాగని రెండోదాన్ని తీసెయ్యలేం," అని తీర్పు చెప్పాడు. రెండువైపులా చప్పట్లు మోగాయి.

మల్లీశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్నిసార్లు ఇన్నా రెండూ ఒకటే."

హాలంతా ఆమెను జాలిగా చూసింది. త్రికోటేశ్వరరావుకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "రేపు డాక్టరు దగ్గరికి నిన్నే తీసకపోవాల్సొచ్చేట్టుందే," అన్నాడు.

సరిగ్గా నాలుగింటికి జావీద్ రొప్పుకుంటూ వచ్చాడు.

"సారీ సార్! పొద్దున రిమోట్‌లో సెల్లు వెయ్యటం మర్చిపోయా. గురజాల దాటినాక చూస్తే నా జేబులోనే ఉన్నయ్. నాలుగుసార్లు ఫోన్ చేశా, మీరు ఎత్తలా. మరి ఎట్టా మార్చి ఇన్నారు?"

రిమోట్ వెనక మూత తీస్తే లోపల ఖాళీ. పొద్దుటి నుంచి పాడింది పొడుగు జత ఒక్కటే. కానిస్టేబుల్‌కు అర్జెంటు డ్యూటీ గుర్తొచ్చింది. శ్రీనివాసరావూ భానుప్రకాషూ చాలా ఏళ్ల తర్వాత ఒకే గేటులోంచి కలిసి బయటికి నడిచారు. వాళ్ల వెనకే వీధంతా హాలు ఖాళీ చేసింది.

త్రికోటేశ్వరరావు కుర్చీలో కుంగిపోయాడు. "మల్లీ, నాకు పొద్దున్నే తేడా తెలియలా. మిషను పెట్టిస్తావని భయమేసి నోటికొచ్చింది చెప్పా. రెండు జతలూ పంపించెయ్."

గెలిచింది తనే అయినా మల్లీశ్వరికి సంతోషం కలగలేదు. ఆయన చెవులు క్రషర్ మోతలో పోయింది ఈ ఇల్లు నడపడానికేనని ఆమెకు తెలుసు. జావీద్ సెల్లు వేసి ఒకటి నొక్కాడు, రెండు నొక్కాడు. ఆమె చటుక్కున చెయ్యెత్తింది.

"ఆగు నాయనా! ఇది వేరే. గోరు తీగె మీద జారేది కూడా ఇనపడతంది. ఈ పొట్టివి ఉంచెయ్."

"నాకు ఇప్పుడూ రెండూ ఒకటే ఇనపడతన్నయ్," అన్నాడు త్రికోటేశ్వరరావు దిగులుగా.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా. మిషను పెడితే పెట్టుకుందువు, ఎవడేమంటాడో నేను చూసుకుంటా." ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. "అందాక ఎప్పుడు బాగుందో నేను చెప్తా. నువ్వు అవునను."

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో జరుగుతున్నది అదే కాబట్టి, త్రికోటేశ్వరరావు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది.