డైనింగ్ టేబుల్ మీద ఊరు కట్టండి!

ప్రతి ఇంట్లోనూ డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితపు ఊరు ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. చట్టం చేసినా తప్పులేదు. నవ్వకండి! ఇది నేను మా అక్కాబావల ఇంట్లో, వంటింటి గట్టు దగ్గర నిలబడి, కంచం చేత్తో పట్టుకుని, నిదానంగా నములుతూ ఆలోచించి చేసిన నిర్ణయం.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దలు కాగితంతో కట్టి ఉండరు. కట్టి ఉంటే సామెతలో సగం వాళ్ళే కొట్టేసేవారు. మా బావగారు వారానికో మేడ లేపుతున్నారు. మేస్త్రీ రాలేదన్న బెంగ లేదు, సిమెంటు తడిసిందన్న గోల లేదు, పక్కింటివాడు గోడ జరిపాడన్న తగవు లేదు. దళసరి కాగితం మీద గోడలూ కిటికీలూ పెంకులూ ప్రింటు తీయడం, కట్టర్‌తో కోయడం, మడత రావాల్సిన చోట కత్తి మొద్దువైపుతో గీత లాగడం, జిగురు రాసి నిలబెట్టడం. అంతే!

కోసిన అంచుల్లో కాగితం తెల్లగా బయటపడుతుంది కదా, దానికి కూడా స్కెచ్ పెన్నుతో ఇటుక రంగు పూస్తారాయన. అదే ఇంట్లో బాత్రూం తలుపుకి రంగు లేచిపోయి ఏళ్ళు గడిచాయి. దానికి ఇంత పూయమంటే తీరిక లేదంటారు. ఎలా ఉంటుందండీ తీరిక? ఒక ఊరు ఊరంతా ఆయన్నే నమ్ముకుని ఉంటే!

అసలు ఈ ఊరెందుకని అడుగుతారేమో. యుద్ధానికి! పాతకాలపు యుద్ధాలను బల్ల మీద మళ్ళీ పోరాడే ఆట ఒకటుంది. బొటనవేలంత సైనికులు, అగ్గిపెట్టెల్లాంటి ఫిరంగులు, పాచికలు, దూరం కొలిచే స్కేలు, లావుపాటి రూల్స్ పుస్తకం. బావగారిది ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం. పగలంతా కూలిన గోడల ఫోటోలు చూసి నష్టం అంచనా వేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి, ఫిరంగి దెబ్బకి కూలబోయే గోడలు కడతారు.

సైనికులు ఎప్పుడో సిద్ధం. ఊరే ఇంకా కాలేదు. మిల్లు అయ్యాక మిల్లు పక్కన వాగు లేకపోతే ఎలాగన్నారు. వాగు వచ్చాక వంతెన, వంతెన దాటాక సత్రం, సత్రానికొచ్చేవాళ్ళకి గుర్రాలశాల. ఊరు పూర్తికానిదే యుద్ధం మొదలవదు. యుద్ధం ముగియనిదే బల్ల ఖాళీ కాదు. శత్రు సైన్యాన్ని నడపాల్సిన స్నేహితుడు చూసి చూసి చదరంగం నేర్చుకుని అటు వెళ్ళిపోయాడు.

అయినా లాభాలు చూడండి! ఫ్యాన్ వేస్తే సంతవీధి ఎగిరిపోతుంది, కాబట్టి ఆ హాల్లో కరెంటు ఆదా. తుమ్మొస్తే వరండాలోకి పరుగెత్తాలి, కాబట్టి వ్యాయామం. చుట్టాలు వస్తారు, బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తారు, చేతులు ఎక్కడ ఆనించాలో తెలియక వెళ్ళిపోతారు. ఏ ఇంట్లో ఉందండీ ఇంత శాంతి? అదీ యుద్ధభూమిలో!

మా అక్క మాత్రం ఈ అదృష్టాన్ని గుర్తించలేదు. ఒకరోజు ఒక సైనికుణ్ణి పట్టుకెళ్ళి సత్రం గుమ్మం ముందు నిలబెట్టింది. గుమ్మం వాడి నడుం దాకా కూడా రాలేదు.

"ఏవండీ, ఈయన లోపలికెలా వెళ్తాడు? పాకుతాడా?"

"ఇళ్ళు చిన్నవిగానే కడతారు. లేకపోతే బల్ల మీద ఊరు పట్టదు. అది ఒక ఇల్లు కాదు, ఒక వీధి మొత్తం కింద లెక్క," అన్నారు బావగారు తలెత్తకుండా.

అక్క ఆయన పక్కన టీ కప్పు పెట్టింది. "అయితే ఇది వారం మొత్తానికి లెక్క."

నేను మధ్యవర్తిత్వానికి దిగాను. పోనీలే అక్కా, ఒక మడతబల్ల కొనుక్కుందాం అన్నాను. అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"బల్ల గురించి కాదురా. నేను గట్టు దగ్గర తింటాను, ఆయన చేతికి జిగురుందని చెంచాతో ఆ మూల తింటారు. నా ఎదురుగా ఆయన కూర్చుని ఎన్నాళ్ళయిందో తెలుసా? మాట్లాడితే ఆయన నడినెత్తి నాకు జవాబు చెబుతోంది," అంది. అక్క కళ్ళు తడిగా ఉన్నాయి. నేను పంచదార డబ్బా మూత బిగించాను.

ఆ వారమంతా అక్క రూల్స్ పుస్తకం చదివిందట. ఆదివారం నేను వెళ్ళేసరికి కుర్చీ లాక్కుని బల్లకి అటువైపు కూర్చుని ఉంది. "శత్రువుని నేనే. పాచికలివ్వండి," అంటోంది.

బావగారు అదిరిపడ్డారు. "ఇంకా గుర్రాలశాలకి కప్పు వేయలేదు!"

"మీ కప్పు అయ్యేదాకా శత్రువు ఊరి బయట టీ తాగుతూ కూర్చుంటాడా?"

అక్క పథకం సూటిగా ఉంది. రూల్స్ ప్రకారం దెబ్బ తిన్న ఇల్లు బల్ల మీంచి తీసేయాలి కదా! ఫిరంగులన్నీ వరసగా పెట్టి, సైనికుల్ని వదిలేసి, ఇళ్ళ మీదే గురిపెట్టింది. మొదటి దెబ్బ సత్రానికి. పాచిక బాగా పడింది. బావగారు నిట్టూర్చి సత్రాన్ని రెండు వేళ్ళతో పైకెత్తారు.

కింద ఇంకో సత్రం ఉంది! మొండిగోడలు, కాలిన దూలాలు, సగం మెట్లు.

"ఇదేంటండీ?"

"శిథిలం. ప్రతి ఇంటి లోపలా దాని శిథిలం ముందే కట్టి పెడతాం. ఇల్లు ఎత్తేస్తే అది మిగులుతుంది." బావగారి మొహంలో చాలాకాలానికి వెలుగొచ్చింది. "నిజానికి దాక్కోవడానికి ఇల్లుకన్నా ఇదే నయం."

పాపం అక్క! ఊరంతా కూల్చినా అంగుళం ఖాళీ అవదు. ఇంకొకరైతే పాచికలు విసిరికొట్టేవారు. అక్క పెదవి కొరుక్కుని, పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగింది. ఆ తర్వాత ఫిరంగుల ఊసెత్తలేదు. సైనికుల్ని వాగు వెంట, మిల్లు వెనకనుంచి నడిపించింది. బావగారు వంతెన కాపలా కాస్తుంటే, కప్పులేని గుర్రాలశాల మీదుగా దూరి, ఆట ఆఖరి వంతుకి సంత మధ్యకి చేరింది.

"రూలు చదవనా? ఆట ముగిసేసరికి సంత ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళది. ఊరెవరిదండీ?"

బావగారు స్కేలుతో కొలిచారు. పుస్తకం చూశారు. మళ్ళీ కొలిచారు. "నీదే."

"అయితే నా సంతలో కంచాలు పెడుతున్నాను." సంతలోని దుకాణాల్ని ఒక్కొక్కటీ ఎత్తి జాగ్రత్తగా అలమార మీద పెట్టి, ఎదురెదురుగా రెండు కంచాలు సర్దింది. ఓడిపోయిన సేనాపతి చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు.

మూడో కంచం ఎవరూ పెట్టలేదు. నేను యథాప్రకారం గట్టు దగ్గరే నిలబడ్డాను. వాళ్ళిద్దరూ శిథిలాల నడుమ కూర్చుని, గుర్రపుదళం ముందే కదిలి ఉంటే ఏమయ్యేదని వాదించుకుంటూ అన్నం చల్లార్చుకున్నారు. వచ్చే ఆదివారం అక్క ఊరు కాస్తుందట, బావగారు దండెత్తుతారట. గుర్రాలశాల కప్పు అక్క వేస్తానంది.

మరి నీ బాధేమిటయ్యా, ప్రతి ఆదివారం పోయి అక్కడ నిలబడి తినకపోతే నీకు ఇల్లు లేదా అంటారా? ఉంది. డైనింగ్ టేబుల్ కూడా ఉంది. గాజుబల్ల, అద్దంలా మెరుస్తుంది, చిన్న కాగితం ముక్క కనబడదు. మా ఆవిడ టీవీ ముందు తింటుంది. మా అమ్మాయి తన గదిలో ల్యాప్‌టాప్ ముందు తింటుంది. నేను సోఫాలో ఫోన్ చూస్తూ తింటాను. మాకు ఏ గొడవా లేదు. గొడవ పడాలన్నా ఒకచోట ఉండాలి కదండీ!

అందుకే నిన్న బావగారి దగ్గర ఒక ఇంటి నమూనా ప్రింటు అడిగి తెచ్చుకుని, నేనే కోసి అతికించాను. గోడ వంకర పోయింది, కప్పు ఓ పక్కకి జారింది, నా రెండు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ ఇంటిని గాజుబల్ల నడిమధ్య పెట్టి కూర్చున్నాను.

టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు మా ఆవిడ మంచినీళ్ళకని వచ్చి ఆగిపోయింది.

"తుడిచిన బల్ల మీద ఏంటండీ ఈ చెత్త?"

"ఇల్లు."

"ఇదా? ఇంత వంకరగా ఉంటే ఇందులో మనుషులుంటారా?"

"వంకర ఎక్కడుందో కాస్త చెప్పు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, ఇంటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల టీవీలో సీరియల్ మొదలైంది. ఆవిడ లేవలేదు. అమ్మాయి గదివైపు తిరిగి కేకేసింది.

"ఏమే, ఆ కత్తెర పట్టుకుని ఇలా రా! మీ నాన్న కట్టిన ఇల్లు నిలబెట్టాలి."